కామత్‌ఘర్ ఖోలీలో పైపుకు నూలు కట్టిన మనిషి

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. భివండిలో మరమగ్గాల కారఖానాల్లో కొత్తగా చేరిన వాళ్ళను బెదిరించడానికి పాతవాళ్ళు ఏవేవో కథలు అల్లేవారు. మనిషి లేకుండానే ఫలానా సాంచా దానంతటదే నడిచిందనీ, తెల్లారేసరికి బట్ట నేసిపెట్టిందనీ. మా వైపు మరమగ్గాన్ని సాంచా అంటాం. "గట్లయితే గా దయ్యాన్ని మా సేటుకు చూపియ్యిండ్రి, మనల తీసేసి దాన్నే పెట్టుకుంటడు" అని నేను కథ మధ్యలోనే చెడగొట్టేవాణ్ణి. అందుకే నా ముందు ఎవరూ చెప్పేవారు కాదు.

ఇప్పటికీ నేను దయ్యాలను నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. నా బతుకులో అంతుపట్టని సంగతి ఒక్కటే జరిగింది, అదీ భయం పుట్టించేది కాదు. ఎవరికి చెప్పినా ఒక్క ముక్కలో "దయ్యం" అని తేల్చి చాయ్ తాగి లేచిపోతారని ఇన్నేళ్ళూ చెప్పలేదు. మా ఆవిడ పోరు పడలేక రాస్తున్నాను.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నాకు ఇరవై దాటి ఎన్నాళ్ళో కాలేదు. భివండిలోనే కామత్‌ఘర్ అనే చోట ఒక ఖోలీలో, అంటే ఒంటి గదిలో, మా కనకయ్య మామతో కలిసి అద్దెకు ఉండేవాణ్ణి. మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు, అమ్మ కూడా ఎక్కువ కాలం లేదు. మామకు పెళ్ళయిన కొత్తలోనే భార్య చనిపోతే మళ్ళీ చేసుకోలేదు. ఎవరైనా సంబంధం తెస్తే, "నాకు మా గంగాధర్ ఉన్నడు, వానికి నేనున్న, మూడో మనిషికి ఖోలీల జాగ యాడిది?" అని నవ్వేసేవాడు. సిరిసిల్ల దగ్గర పల్లె నుంచి నన్ను వెంట తెచ్చుకుని, సాంచా నేర్పించి, మనిషిని చేసింది ఆయనే. ఆయన తప్ప నాకు ఈ లోకంలో నా అనేవాళ్ళు లేరు.

ఇక్కడ మా ఖోలీ సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఒక్క గది. మూలన స్నానానికీ గిన్నెలు కడగడానికీ చిన్న గట్టు కట్టిన మోరీ. ఆ గదిలో మేము రెండు జట్లుగా ఉండేవాళ్ళం. ఒక జట్టు పగటి షిఫ్టులో ఉంటే ఇంకో జట్టు రాత్రి షిఫ్టులో ఉంటుంది. వారం తర్వాత మారిపోతాం. అవే పరుపులు, అవే దిండ్లు. మేము లేచిపోతే వాళ్ళు వచ్చి పడుకుంటారు, వాళ్ళు లేచిపోతే మేము. సాంచా ఆగకూడదు కాబట్టి, ఎదుటి షిఫ్టు మనిషి వచ్చి సాంచా ముందు నిలబడితే గానీ పనిలో ఉన్నవాడు కదలడానికి లేదు. పైగా ఒక్కొక్కరిది ఒక్కో కారఖానా. నాది నార్పోలిలో. అంటే మేము ఖోలీ విడిచి వెళ్ళాక ఎంతసేపటికో గానీ రెండో జట్టు రాదు. పని దిగి, చేతులు కాళ్ళు కడుక్కుని, ఎదురుగా ఉన్న లక్ష్మక్క బిశ్శీలో తిని అప్పుడు వస్తారు. బిశ్శీ అంటే నెలవారీగా అన్నం పెట్టే ఇల్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఖోలీ అట్లా ఖాళీగా ఉండేది.

కరెంటు ఉండని శుక్రవారం అందరికీ సెలవే. కానీ రెండు జట్లు ఒకేసారి పడుకునే జాగ ఎక్కడిది? సగం మంది చుట్టాల ఇళ్ళకు పోయేవారు, సగం మంది సినిమాకు. అందుకని నేను పడుకున్న పరుపు మీద నా తర్వాత ఎవరు పడుకుంటారో నాకు సరిగ్గా తెలియదు. అతను పెట్టుకునే నూనె వాసన తెలుసు, మొహం తెలియదు. కిరాయి పోగుచేసే భూమేశ్ ఒక్కడే ఆ జట్టులో నాతో మాటలున్నవాడు. మిగతావాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. మాకూ వాళ్ళకూ ఉన్న సంబంధమల్లా తిట్టుకోవడమే. తువ్వాల తడిపింది ఎవడు, సబ్బు అరగదీసింది ఎవడు, ఇదే గొడవ.

ఇక పైపు. వీధి చివరి ఎత్తు టాంకీ నుంచి పై అంతస్తు మోరీకి పోయే నీళ్ళ పైపు మా గోడ మీదుగా వంకర తిరిగి పోయేది. ఆ వంకర దగ్గర అతుకు తుప్పు పట్టి కారడం మొదలైంది. మొదట చెమ్మ, తర్వాత చుక్క, వానాకాలం వచ్చేసరికి ఆగకుండా టప్ టప్. ఖోలీ యజమానిని, అంటే మాలిక్‌ను అడిగితే, "ప్లంబర్ కో బోలా హై, కల్ ఆయేగా" అనేవాడు. రేపు వస్తాడట. ఆ రేపు ఎన్ని వారాలు గడిచినా రాలేదు. గట్టిగా అడిగితే పైపు పై అంతస్తు వాళ్ళది, వాళ్ళనే అడగమన్నాడు. వాళ్ళేమో అతుకు మీ గోడ మీదే ఉంది కదా, మీరే చేయించుకోండి అన్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. కిరాయి ఒక్క రోజు ఆలస్యమైతే మాత్రం మాలిక్‌కు ఆ గోడ ఎవరిదో బాగా తెలిసేది.

గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పుడే మామకు జ్వరం పట్టుకుంది. జ్వరం దగ్గులోకి, దగ్గు ఆయాసంలోకి దిగింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని దవాఖానలో పెట్టుకుని, కొంచెం తేరుకున్నాక పంపించేశారు. డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. తడి తగలనివ్వొద్దు, చలి తగలనివ్వొద్దు, మళ్ళీ నెమ్ము చేరితే ఈ మనిషి తట్టుకోలేడు. ఊరికి తీసుకుపోతానంటే, అంత దూరం ప్రయాణం చేసే ఓపిక ఆయనకు లేదన్నాడు.

ఖోలీలో మామ పక్క ఎక్కడ వేశామో చెబితే మీకు కోపం వస్తుంది. ఆ పైపు గోడ దగ్గరే. ఇంకో దారి లేదు. తలుపు దగ్గర వాన జల్లు కొడుతుంది, మధ్యలో మనుషులు దాటుతూ ఉంటారు. మోరీ దాకా నడవలేని మనిషి మోరీ దగ్గరే ఉండాలి. కిందంతా ప్లాస్టిక్ పట్టా పరిచాను. చుక్క పడేచోట బకెట్ పెట్టాను. ఆ చుక్క అంచు మీద పడి చిట్లి దుప్పటి తడిసేది. మేము లేని వేళ బకెట్ నిండి పొర్లేది. నేను పనికి పోకుండా కూర్చుంటే సాంచా ఇంకొకరికి పోతుంది, మందులకు దారి ఉండదు. ఎటూ పాలుపోక బిశ్శీ వెనుక నిలబడి ఏడ్చాను కూడా. లక్ష్మక్క చూసి, "ఏడిస్తే పైపు ఆగుతదా? పో, పనికి పో. నాకు ఖాళీ దొరకంగనే గంజి తాగిపిస్త తియ్" అని కసిరింది. ఆమె కసురు వింటే మనిషికి కొంచెం ధైర్యం వచ్చేది.

ఆ వారం మాది రాత్రి షిఫ్టు. ఒక పొద్దున పని దిగి, తిని, ఖోలీ తలుపు తీసేసరికి నాకు ఏదో తేడా తెలిసింది. చప్పుడు లేదు. చూస్తే పైపు అతుకు చుట్టూ ఎవరో నూలు చుట్టారు. ఊరికే చుట్టడం కాదు, పోగు పక్కన పోగు ఒత్తుగా, కండె చుట్టినంత పొందికగా. ఆ నూలు కొసను గోడకు దూరంగా లాగి బకెట్‌లోకి వదిలారు. నీరు పోగు వెంబడి జారి నిమ్మళంగా బకెట్‌లోకి పోతోంది. ఒక్క చుక్క కూడా ఎగరడం లేదు. బకెట్ కూడా అప్పుడే ఖాళీ చేసినట్టు ఉంది. మామ పొడి దుప్పటిలో హాయిగా పడుకుని ఉన్నాడు.

పగటి జట్టులో ఎవరో పుణ్యాత్ముడు కట్టి పోయాడనుకున్నాను. మామ లేచాక అడిగితే, "పెద్దాయన కట్టిండు" అన్నాడు. మాట్లాడితే మామకు ఆయాసం వచ్చేది, అందుకని అన్నీ రెండు ముక్కల్లో చెప్పేవాడు. నేనూ ఎక్కువ అడగలేదు. మా జట్టులో మామను మించిన పెద్దవాడు లేడు కాబట్టి, ఆ పెద్దాయన వాళ్ళ జట్టువాడే అని తేల్చుకున్నాను.

అప్పటి నుంచి అది రోజూ జరిగింది. నానిన నూలు జిగటగా అవుతుంది కదా, అది తీసేసి కొత్తది కట్టి ఉండేది. బకెట్ ఖాళీగా ఉండేది. మామ మెల్లగా కోలుకుంటున్నాడు. పెద్దాయన సంగతులు ముక్క ముక్కగా చెప్పేవాడు. చెవులకు పోగులు పెట్టుకుంటాడట. మాట మన దిక్కుదేనట. చిన్నప్పుడు గుంటమగ్గం మీద నేసిన ముచ్చట్లు చెబుతాడట. మామ దగ్గితే వీపు రాస్తాడట. "ఒక్కన్నే ఉన్నప్పుడు గుండెల గుబులైతుండె రా. ఇప్పుడు లేదు" అన్నాడు ఒకసారి. ఆ మాట విని నాకు ఆ పెద్దాయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. కన్న కొడుకు చేస్తాడా అంత సేవ?

ఒక్క సంగతి మాత్రం నాకు అప్పుడే వింతగా తోచింది, కానీ పట్టించుకోలేదు. ఆ నూలు ముదురు ఎరుపు. చేతిమగ్గం మీద చీర అంచుకు వాడే రకం. మా కారఖానాల్లో నేసేదంతా రంగు వేయని కోరా బట్టే. నేను పని చేసిన ఏ షెడ్డులోనూ ఎర్ర పోగు చూడలేదు.

మరుసటి వారం మేము పగలు, వాళ్ళు రాత్రి. అప్పుడూ అంతే. మేము సాయంత్రం వచ్చేసరికి కొత్త నూలు ఉండేది. వాళ్ళు పొద్దున వచ్చేసరికి కూడా ఉండేదట. అది నాకు తర్వాత తెలిసింది.

ఊరికే మేలు పొందడం నాకు నచ్చదు. ఒకనాడు జిలేబీ పొట్లం కొని, పెద్దాయనకు ఇవ్వమని మామ తల దగ్గర గూట్లో పెట్టి పనికి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే జిలేబీ లేదు, దాని బదులు ఖారీ బిస్కట్ల పొట్లం ఉంది. అబ్బ, ఎంత మర్యాద! మా వాళ్ళకు పంచాను. ఆ పైవారం ఇంకేదో పెట్టాను. వాళ్ళ వైపు నుంచి పల్లీలు వచ్చాయి. తువ్వాలల గొడవ ఆగిపోయింది. వాళ్ళు దుప్పట్లు మడతపెట్టి పోసాగారు, మేము మోరీ కడిగి పోసాగాము. మొహాలు కూడా తెలియని మనుషులం ఒకరి మీద ఒకరం ప్రేమ పెంచుకున్నాము.

ఒక శుక్రవారం లక్ష్మక్క మాంసం వండుతున్నానని రెండు జట్లనూ ఉండమంది. మామ ఖోలీలో నిద్రపోతున్నాడు. అందరం బిశ్శీలో బాసింపట్లు వేసుకుని కూర్చున్నాం. నేను అటూ ఇటూ చూసి, "భూమేశన్నా, మీ పెద్దాయనేడి? రాలేదా?" అని అడిగాను.

భూమేశ్ ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆగాడు. "మా దాంట్ల పెద్దాయన ఎవడు? అందరిట్ల నేనే పెద్దోణ్ణి. నన్నే ముసలోణ్ణి జేస్తున్నవా ఏంది?" అని నవ్వాడు. "నేనే అడుగుదామనుకుంటున్న. రోజు పైపుకు నూలు కట్టేది, బకెట్ ఎత్తిపోసేది మీవోడు గాదా? మీ పెద్దాయన మంచోడని మావోళ్ళంత ఒకటే మెచ్చుకునుడు."

"మరి జిలేబీ?"

"మాకే పెట్టిండ్రనుకున్నం. తిన్నం."

ఎవరో పకపకా నవ్వబోయి మధ్యలోనే ఆగిపోయారు. అప్పుడే అందరికీ ఒకేసారి అర్థమైంది. వాళ్ళు కట్టారని మేము, మేము కట్టామని వాళ్ళు. రెండు జట్లలోనూ చెవులకు పోగులున్న మనిషి లేడు. ఎవరి దగ్గరా ఎర్ర నూలు లేదు. లక్ష్మక్క గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆమె పొయ్యి ముందు కూర్చుంటే మా తలుపు ఎదురుగా కనబడుతుంది. మేము పోయేటప్పుడు కుక్కలు రాకుండా బయట గడియ పెట్టి పోతాం. ఆమె వచ్చి గడియ తీసి గంజి తాగించి మళ్ళీ పెట్టేది. "నేను చూడంగ ఎవ్వలు వచ్చింది లేదు, ఎవ్వలు పోయింది లేదు బిడ్డా. నేను పోయేసరికే నూలు కట్టి ఉంటుండె. మీ వోళ్ళే కట్టి పోయిండ్రనుకున్న" అంది.

ఖోలీకి పోయి పైపును చూశాం. కొత్త నూలు. ఆ రోజు సెలవు, పొద్దుటి నుంచి ఎవరో ఒకరం గదిలోనే ఉన్నాం, అందరం భోజనానికి పోయిన ఆ కాసేపు తప్ప.

కొందరు గది మారుదామన్నారు. ఒకతను నిమ్మకాయలు తెస్తానని లేచాడు. నాకు కోపం వచ్చింది. మనల్ని ఆదుకున్నవాడికి నిమ్మకాయ కోస్తావురా అని అరిచాను. నమ్మకం ఉండి కాదు, మరి ఎందుకు అరిచానో నాకే తెలియదు. చివరికి రెండు జట్ల మాటా ఒకటే అయింది. మామకు ఈ సంగతి చెప్పొద్దు. భయపడితే ఆ గుండె ఆగిపోతుంది. ఇక ఎవరి మీదా ఆధారపడకుండా ఆ పైపు బాగు చేయించుకోవాలి.

రెండు జట్లూ కలిసి మాలిక్ ఇంటికి నడిచాం. ఆయన మమ్మల్ని అందరినీ ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. తలుపు తీసి లెక్కపెట్టలేక నోరు తెరిచాడు. నా ఖోలీలో ఇంతమందా అని లబలబలాడాడు. భూమేశ్ చాలా వినయంగా, "సేట్, లోపల ఎప్పుడూ సగమే ఉంటం" అని హిందీలో చెప్పాడు. అబద్ధం కాదు కదా. మా గుంపును చూసి మాలిక్ జంకాడో ఏమో, రేపు రేపు అన్న మనిషి ఆ సాయంత్రమే ప్లంబర్‌ను పట్టుకొచ్చాడు. పాత అతుకు తీసేసి కొత్తది బిగించి, చుట్టూ తెల్ల రంగు పూసి పోయారు. గోడ ఆరింది. ఇన్ని నెలలు కాళ్ళరిగేలా తిరిగింది దానికోసమే. ఆ రాత్రి నేను కడుపు నిండా తిన్నాను.

మామ మాత్రం తినలేదు.

మొదటి రోజు నీరసం అనుకున్నాను. రెండో రోజు కూడా గంజి ముట్టలేదు. తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు. మూడో రోజు, "పెద్దాయన వస్తలేడు రా. పానం బాగలేదా ఆయనకు?" అని అడిగాడు.

"ఊరికి పోయిండు మామా. వస్తడు."

"నాకు జెప్పకుంట ఎట్ల పోతడు?"

మామకు మళ్ళీ ఆయాసం మొదలైంది. డాక్టర్ వచ్చి చూసి, ఛాతీలో తడి చాలా తగ్గిందనీ, తింటే లేస్తాడనీ, తినకపోతే మందులు ఏమీ చేయలేవనీ చెప్పి పోయాడు. లక్ష్మక్క బతిమిలాడింది, కసిరింది, ఒట్టు పెట్టింది. మామ ఆమె మాట కోసం ఒక్క గుటక మింగి మొహం తిప్పుకున్నాడు. చేతి ఎముకలు బయటపడ్డాయి. చుక్క ఆగింది గానీ మామ పోతున్నాడు.

అప్పుడు నేను చేసిన పనికి మీరు నవ్వినా సరే. కారఖానా నుంచి పానా తెచ్చుకున్నాను. ఆ వారం మాది పగటి షిఫ్టు. పొద్దున మా వాళ్ళందరూ ముందు నడిచిపోయారు. మామ గోడకు వీపు పెట్టి, తలుపు వైపు తిరిగి గాఢంగా నిద్రపోతున్నాడు. చప్పుడు కాకుండా స్టూలు ఎక్కి, కొత్త అతుకును కొంచెం వదులు చేశాను. చుక్క ఊరింది, పడింది. పరుపుకు తగలకుండా బకెట్‌ను దూరంగా సర్ది, చుక్క దాంట్లోనే పడుతోందని రెండుసార్లు చూసుకున్నాను. ఏ పైపు కోసమైతే మాలిక్‌తో కొట్లాడానో, దాన్నే నా చేతులతో చెడగొట్టాను. దయ్యాలను నమ్మనివాణ్ణి, అక్కడ నిలబడి, "పెద్దాయనా, మళ్ళ కారుతుంది. రా" అని మెల్లగా అన్నాను కూడా. పానా సంచిలో వేసుకుని, తలుపు గడియ పెట్టి నార్పోలికి పరుగెత్తాను.

ఆ రోజంతా నా సాంచాల మీద పోగులు తెగుతూనే ఉన్నాయి. షెడ్డు అజమాయిషీ చూసే ముకద్దమ్ రెండుసార్లు తిట్టాడు. నా చెవికెక్కలేదు. బకెట్ నిండి పొర్లిందేమో, మామ తడిసి ఉంటాడేమో, ఎంత బుద్ధి తక్కువ పని చేశాను అని ఒకటే గుబులు. సాయంత్రం తినకుండానే నేరుగా ఖోలీకి వచ్చాను. భూమేశ్ జట్టు అప్పటికే పోయింది.

గడియ నేను పెట్టినట్టే ఉంది. తీసి లోపలికి పోతే చుక్క చప్పుడు లేదు. నూలు కూడా లేదు. అతుకు పొడిగా ఉంది. వేళ్ళతో పట్టి తిప్పితే ఇసుమంత కూడా కదలలేదు. నేను పొద్దున వదులు చేసినదానికంటే, ఆ ప్లంబర్ బిగించినదానికంటే గట్టిగా ఉంది. పానా నా సంచిలోనే ఉంది.

మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎన్ని రోజుల తర్వాతో ఆయన తనంతట తాను లేచి కూర్చోవడం చూశాను.

"పెద్దాయన వచ్చి పోయిండు రా" అన్నాడు. మొహంలో వెలుగుంది. "నీ మీద నవ్విండు. 'మీ అల్లుడు పిచ్చోడు గదా. పైపు ఇడిచిపెడితేనే వస్తననుకున్నడు. నేను పైపు కోసం వచ్చిన్నా?' అన్నడు. ఏం జేసినవు రా నువ్వు?"

మామ కాళ్ళ దగ్గర కూలబడి, ఆయన దుప్పటిలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మామ నా తల నిమురుతూ, "ఇగ రాడంట. నేను మంచిగైననంట. నువ్వు ఏడువకు. ఆకలైతుంది, లక్ష్మక్క ఏం వండిందో చూడు పో" అన్నాడు. ఆ పూట పప్పన్నం మెత్తగా పిసికి నేనే తినిపించాను. సగం తిని, మిగతాది నా నోట్లో పెట్టాడు.

తర్వాత భూమేశ్ జట్టును ఒక్కొక్కరినీ అడిగాను. పొద్దున వాళ్ళు వచ్చేసరికే పైపు పొడిగా ఉందన్నారు. అసలు కారిందన్న సంగతే వాళ్ళకు తెలియదు. బకెట్ ఎందుకు మధ్యలో పెట్టావని నన్నే అడిగారు. అంటే జరిగిందంతా మేము పోయాక, వాళ్ళు రాకముందు, ఖోలీ ఖాళీగా ఉండే ఆ కాసేపట్లోనే జరిగింది.

నాకు తోచిన కారణాలన్నీ నేనే వెతుక్కున్నాను. ఆ పొద్దున మామ నిద్ర నటించి నేను చేసింది చూశాడనుకుందాం. అప్పుడు ఆ మాటలు ఆయన కల్పించి ఉండవచ్చు. కానీ అప్పటికి నీళ్ళ గ్లాసు ఎత్తలేని మనిషి స్టూలు ఎక్కి, పానా లేకుండా ఆ అతుకును ఎట్లా బిగిస్తాడు? మొదటి నుంచీ నూలు కట్టింది జ్వరంలో మామే అంటారా? మరి ఆ ఎర్ర నూలు ఎక్కడిది? ఆ ఖోలీలో ఎవరైనా చనిపోయారా అని మాలిక్‌నూ వీధిలో పాతవాళ్ళనూ అడిగాను. చావులేదు, కథ లేదు. ఎందరో మగ్గాలవాళ్ళు వచ్చారు, ఉన్నారు, పోయారు, అంతే. ఆ నూలు పోగు ఒక్కటి కూడా నేను దాచుకోలేదు. నానిన చెత్త అనుకుని రోజూ మోరీ పక్కన పారేసేవాణ్ణి.

మామ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. నా పెళ్ళి చేశాడు, నా పిల్లలను ఎత్తుకున్నాడు. పెద్దాయన ఏ జట్టువాడూ కాదని ఆయనకు నేను చివరిదాకా చెప్పలేదు. ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. తెలిసే అడగలేదేమో.

ఇప్పుడు నన్ను ఎవరైనా అదేమిటని గట్టిగా అడిగితే నేను చెప్పలేను. ఆయన ఎవరో, ఎక్కడి నుంచి వచ్చాడో, మా మామ మీద అంత దయ ఎందుకో నాకు తెలియదు. నా మామ దగ్గర నేను ఉండలేని ఆ కాసేపు, ఆయన ఉన్నాడు. నాకు తెలిసింది అదొక్కటే.